ఫ్రెషర్ల రెజ్యూమె: అపోహలు - వాస్తవాలు

అపోహ: రంగులు, రెండు నిలువు వరుసలు, స్కిల్స్ పక్కన చుక్కలు ఉంటేనే రెజ్యూమె కంటికి ఆనుతుంది.

వాస్తవం: జాబ్ పోర్టళ్లు, కంపెనీల ఏటీఎస్ (దరఖాస్తులను వడపోసే) సాఫ్ట్‌వేర్లు ఫైల్లోంచి అక్షరాలను బయటికి లాగి పేరు, ఫోన్, చదువు, స్కిల్స్ గళ్లలో నింపుకుంటాయి. రెండు వరుసలుంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ లైనును కుడి లైనుతో కలిపి చదివేస్తాయి. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కొన్నింటికి కనపడదు. బొమ్మగా సేవ్ చేసిన ఫైలైతే అక్షరమే దొరకకపోవచ్చు. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు: పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరుస చెదిరితే ఏటీఎస్‌లోనూ చెదిరే అవకాశం ఎక్కువ. ఫ్రెషర్‌కి ఒకే నిలువు వరుసలో ఒక పేజీ, 10 లేదా 11 సైజు అక్షరాలు చాలు.

అపోహ: జేడీ (కంపెనీ ఇచ్చే ఉద్యోగ వివరణ)లోని మాటలన్నీ తెల్ల రంగులో దాచిపెడితే సెలెక్ట్ అవుతాం.

వాస్తవం: అక్షరాలు బయటికొచ్చాక రంగు మిగలదు. దాచిందంతా రిక్రూటర్ తెర మీద బయటపడుతుంది.

అపోహ: తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్, ఫొటో, చివర డిక్లరేషన్ ఉండాల్సిందే.

వాస్తవం: అవి బయోడేటా రోజుల అలవాట్లు. ప్రైవేటు ఉద్యోగానికి పేరు, ఫోన్, ఈమెయిల్, ఊరు చాలు. రెజ్యూమె ఎన్ని చేతులు మారుతుందో తెలియదు కాబట్టి ఆధార్, పాన్ నంబర్లు అస్సలు వద్దు. గల్ఫ్ ఉద్యోగాలకు ఫొటో, జాతీయత తరచూ అడుగుతారు; అమెరికా, బ్రిటన్‌లకు పంపేటప్పుడు ఫొటో, వయసు, పెళ్లి వివరాలు తీసేయండి.

అపోహ: ప్రాజెక్టు పేరు, వాడిన టెక్నాలజీలు రాస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న బ్యాచ్ మొత్తం ఒకే ప్రాజెక్టు, ఒకే వాక్యాలు పెడితే ప్యానెల్‌కి మీరెవరో తెలియదు. మీరు చేసిన భాగం, వాడిన పనిముట్టు, ఒక అంకె - ఈ మూడూ ఒకే లైన్లో రావాలి. "హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, జావా" అని వదిలేయకుండా, "నలుగురి జట్టులో మెస్ బిల్లు లెక్కల భాగం నాది, స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్, 12 టేబుళ్లు" అని రాస్తే ఇంటర్వ్యూలో ప్రశ్న మీకు తెలిసిన చోటికే వస్తుంది. బీకాం వాళ్లకూ ఇదే సూత్రం. "ట్యాలీ వచ్చు" కన్నా "నెలకు 150 కొనుగోలు బిల్లుల ఎంట్రీ, జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) కోసం అమ్మకాల జాబితా తయారీ" అన్న లైను బరువైనది. అంకె నిజమైనదే అయ్యుండాలి. ఎలా వచ్చిందని తప్పక అడుగుతారు.

అపోహ: సీజీపీఏని 10తో గుణిస్తే పర్సెంటేజీ.

వాస్తవం: ఆ సూత్రం యూనివర్సిటీని, రెగ్యులేషన్‌ని (మీ బ్యాచ్‌కి వర్తించే కోర్సు నిబంధనలను) బట్టి మారుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్‌లో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. అంటే 7.4 వస్తే 69 శాతం, 74 కాదు. కటాఫ్ 70 ఉన్న చోట 74 అని రాసి, సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికితే మోసం కిందే లెక్క. మెమోలో ఉన్న సీజీపీఏని అలాగే రాయండి. ఫారం పర్సెంటేజీ అడిగితేనే మీ రెగ్యులేషన్ సూత్రంతో మార్చండి.

అపోహ: ఖాళీ ఏళ్లకి కన్సల్టెన్సీ ఇచ్చే ఎక్స్‌పీరియెన్స్ లెటర్ పెడితే ఎవరికీ తెలియదు.

వాస్తవం: వెరిఫికేషన్ చేసేవాళ్లు లెటర్ ఒక్కటే చూసి ఊరుకోరు. పీఎఫ్ ఖాతా ఉంటే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో తేదీలుంటాయి. జీతంలో టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కోసి ఉంటే అది ఫామ్ 26ఏఎస్ వంటి ఆదాయపు పన్ను రికార్డులో కనిపిస్తుంది. రెండేళ్ల అనుభవం చెప్పి ఈ రెండూ ఖాళీగా ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ తనిఖీ చేరిన తర్వాత కూడా జరగొచ్చు, అప్పుడు ఉద్యోగంలోంచి తీసేయొచ్చు. ఖాళీని ఒక్క లైన్లో ఉన్నదున్నట్టు రాయండి: "2023 జూన్ - 2024 మార్చి: గ్రూప్స్ ప్రిపరేషన్". దాని కిందే ఆ తర్వాత నేర్చుకున్న కోర్సును, చేసిన పనిని నెలలతో సహా పెట్టండి.