చెక్‌కీ పోలిష్‌కీ మధ్య ఒక లెక్క ఉంది

వెయ్యేళ్ల కిందట ప్రాగ్ నుంచి వచ్చిన వ్యాపారి, పోలండ్‌లోని క్రకువ్ సంతలో అమ్మేవాడు ఒకరితో ఒకరు ఇబ్బంది లేకుండా బేరమాడుకుని ఉంటారు. అప్పటికి చెక్, పోలిష్ అనే రెండు భాషలు ఇంకా పూర్తిగా విడిపోలేదు. రెండూ స్లావిక్ కుటుంబంలో పశ్చిమ శాఖకు చెందినవి. ఇవాళ చెక్ మాట్లాడేవారు సుమారు కోటి మంది, పోలిష్ మాట్లాడేవారు సుమారు నాలుగు కోట్లు. రెండు దేశాలకూ ఒకటే సరిహద్దు. అయినా అవతలివాళ్లు వేగంగా మాట్లాడితే ఇవతలివాళ్లకు కొంత అందుతుంది, కొంత జారిపోతుంది. చెక్ వింటే చాలామంది పోలండ్ వాళ్లకు చిన్నపిల్లల ముద్దుమాటల్లా ఉండి నవ్వొస్తుంది. చెక్ వాళ్లకేమో పోలిష్‌లో ప్రతి మాటా 'ష'కారంతో బుసకొట్టినట్టు ఉంటుంది.

ఈ తేడాలు గాలివాటంగా వచ్చినవి కావు. ఐదారు సూత్రాలు తెలిస్తే వందల పోలిష్ మాటల్ని కూర్చున్న చోటే చెక్‌లోకి మార్చుకోవచ్చు. ఇంకో విశేషం కూడా ఉంది. సూత్రానికి లొంగని మాట ఎదురైతే, దాని వెనక సాధారణంగా ఏదో చరిత్ర ఉంటుంది. నాకు ఈ రెండు భాషల మీద అంత ఇష్టం కలగడానికి కారణం అదే.

ముందు ఉచ్చారణ గురించి ఒక మాట. ఇక్కడ 'జ' అని రాసినచోట ఇంగ్లిష్ జెడ్ పలకాలి. 'ఝ' అని రాసినచోట 'ట్రెజర్' అనే మాట మధ్యలో వినిపించే ధ్వని అనుకోండి.

తలను పోలిష్‌లో 'గ్వొవ' అంటారు, చెక్‌లో 'హ్లవ' అంటారు. చూడటానికి సంబంధం లేని మాటల్లా ఉన్నాయి కదా. కానీ ఇందులో మూడు సూత్రాలు ఒకేసారి పనిచేశాయి. మొదటిది, పాత 'గ' పోలిష్‌లో అలాగే ఉండిపోతే, చెక్‌లో 12, 13 శతాబ్దాల ప్రాంతంలో 'హ' అయింది. రెండోది, ఒకప్పటి బరువైన 'ల' పోలిష్ వాళ్ల నోట 'వ' అయింది. రాతలో మాత్రం అడ్డగీత ఉన్న ఎల్ అక్షరం ఇప్పటికీ ఉంది. మూడోది, ఇలాంటి మాటల్లో పోలిష్ 'ఒ' ఉన్నచోట చెక్‌లో 'అ' వస్తుంది. ఆవు పోలిష్‌లో 'క్రొవ', చెక్‌లో 'క్రావ'. మొదటి సూత్రం ఒక్కటే పనిచేసిన మాట కాలు: పోలిష్‌లో 'నొగ', చెక్‌లో 'నొహ'.

ఈ 'గ', 'హ' తేడా మనం రోజూ పత్రికల్లో చదివే ఒక ఊరి పేరులోనూ ఉంది. చెక్ రాజధానిని ఆ ఊరివాళ్లు 'ప్రహ' అంటారు. పోలండ్ వాళ్లు 'ప్రగ' అంటారు. చెక్‌లో 'గ' పోకముందే బయటివాళ్లు ఆ పేరు అందుకున్నారు కాబట్టి జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో పాత 'గ' మిగిలిపోయింది. ఇంగ్లిష్ మీదుగా మనదాకా వచ్చిన 'ప్రాగ్'లో ఉన్నదీ అదే.

అనుస్వారం కథ తెలుగువాళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. పాత స్లావిక్‌లో ముక్కుతో పలికే అచ్చులు ఉండేవి. పోలిష్ వాటిని దాచుకుంది, చెక్ పదో శతాబ్దం నాటికే వదిలేసింది. చెయ్యి పోలిష్‌లో 'రెంక', చెక్‌లో 'రుక'. ఐదు పోలిష్‌లో 'ప్యెంచ్', చెక్‌లో 'ప్యెత్'. మాంసం పోలిష్‌లో 'మ్యెన్సొ', చెక్‌లో 'మసొ'. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'మాంసం', 'పంచ' ఈ మాటలకు దూరపు చుట్టాలే, ఎందుకంటే సంస్కృతం, స్లావిక్ భాషలు ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. మన మాంసంలో ఉన్న సున్నా పోలిష్‌లో ఇంకా ముక్కుతో పలుకుతోంది, చెక్‌లో రాలిపోయింది.

చెక్ భాషకే ప్రత్యేకమని చెప్పుకునే ధ్వని ఒకటుంది. 'ర'ను నాలుకతో ఆడిస్తూనే అదే క్షణంలో 'ఝ' పలకాలి. సంగీతకారుడు అంతొనీన్ ద్వొర్ఝాక్ పేరు మధ్యలో ఉన్నది అదే. చెక్ పిల్లలకు అన్నిటికన్నా ఆఖరున పట్టుబడే ధ్వని ఇది. కొందరిని దీనికోసమే స్పీచ్ థెరపీకి తీసుకెళ్తారు. ఒకప్పుడు పోలిష్‌లోనూ ఇది ఉండేది. తర్వాత అందులోని 'ర' కరిగిపోయి ఉత్త 'ఝ' మిగిలింది. అందుకే నదిని పోలిష్‌లో 'ఝెక' అంటారు, రాసేటప్పుడు మాత్రం ఆర్, జెడ్ రెండూ రాస్తారు. ఇవాళ పోలిష్‌లో సముద్రం అన్నా, 'బహుశా' అన్నా చెవికి ఒకటే మాట, 'మొఝె'. రాతలోనే తేడా. పోలిష్ పిల్లలకు డిక్టేషన్ అంటే టెన్షన్ పట్టుకునేది ఇలాంటి చోట్లే.

హ్రస్వ దీర్ఘాల విషయంలో చెక్ మనకు దగ్గర. 'ద్రాహ' అంటే దారి, 'ద్రహా' అంటే ప్రియమైనది. పోలిష్‌కి కూడా ఒకప్పుడు దీర్ఘాలు ఉండేవి, తర్వాత పోయాయి. ఊనిక చెక్‌లో మాట మొదటి అక్షరం మీద పడుతుంది, పోలిష్‌లో చివరినుంచి రెండో అక్షరం మీద. రెండు భాషల నడక వేరుగా వినిపించడానికి ఇదొక పెద్ద కారణం.

రాతలో దారులు ఎప్పుడో వేరయ్యాయి. లాటిన్ లిపిలో 'ష', 'చ' లాంటి ధ్వనులకు అక్షరాలు లేవు. 15వ శతాబ్దం మొదట్లో చెక్‌లో అక్షరం మీద చుక్క పెట్టే పద్ధతి వచ్చింది. దాన్ని ప్రతిపాదించిన గ్రంథం మతసంస్కర్త యాన్ హుస్ రాసిందని చెబుతారు. 1415లో ఆయన్ని సజీవంగా దహనం చేశారు గానీ ఆ చుక్క బతికింది, తర్వాత చిన్న కొక్కెంలా మారింది. పోలిష్ ఎక్కువగా రెండేసి అక్షరాలు కలిపి రాసే దారి పట్టింది. చెక్‌లో రెండక్షరాల్లో అయిపోయే 'ష్చ్' పోలిష్‌లో రాయాలంటే నాలుగు కావాలి. ఇంగ్లిష్‌వాళ్లు చెక్ దేశం పేరు రాసే స్పెల్లింగ్ కూడా పోలిష్ పద్ధతిదే.

ధ్వనులు కలిసినా అర్థాలు కలవని మాటలు ఇంకో రకం తలనొప్పి. చెక్ బేకరీలో రొట్టె మీద 'చెర్స్త్వీ' అని రాసి ఉంటే అది తాజా రొట్టె. అదే మాట పోలిష్‌లో 'చెర్స్త్వి' అంటే నిలవుండి గట్టిపడ్డ రొట్టె. పాత అర్థం 'గట్టి, దృఢమైన' అని. చెక్‌లో దృఢమైనది చురుకైనదై, తర్వాత తాజాదైంది. పోలిష్‌లో రొట్టె విషయంలో గట్టిగా ఉన్నది కాస్తా ఎండిపోయినదైంది. కానీ పోలిష్‌లో ఒక ముసలాయన్ని అదే మాటతో వర్ణిస్తే, ఈ వయసులోనూ గట్టిగా ఉన్నాడని మెచ్చుకోలు. పోలిష్‌లో 'వెతకడం' అనే మామూలు క్రియ చెక్ చెవికి పచ్చి బూతు, కాబట్టి ప్రాగ్‌లో దారి అడిగే పోలండ్ వాళ్లు జాగ్రత్తపడాల్సిందే. అన్నిట్లోకీ నాకు నచ్చిన జంట ఇది: చెక్‌లో 'లాస్క' అంటే ప్రేమ, 'మిలొస్త్' అంటే దయ. పోలిష్‌లో 'వస్క' అంటే దయ, 'మివొష్చ్' అంటే ప్రేమ. రెండు మాటలూ ఉమ్మడి ఆస్తే, పంపకాల్లో అటూ ఇటూ అయ్యాయి.

ఇక సూత్రం తప్పిన మాటల దగ్గరికి వద్దాం. పోలిష్‌లో అవమానాన్ని 'హన్బ' అంటారు. మన లెక్క ప్రకారం 'గ' ఉండాలి. పాత పోలిష్‌లో నిజంగానే 'గన్బ' ఉండేది. అదే ధాతువు నుంచి వచ్చిన 'గనిచ్', అంటే తప్పుపట్టడం, ఇప్పటికీ 'గ'తోనే ఉంది. మరి 'హ' ఎక్కడిది? చెక్‌ది. 14 నుంచి 16వ శతాబ్దం దాకా పోలండ్ చదువుకున్నవాళ్లకు చెక్ గొప్ప భాష. ప్రాగ్ విశ్వవిద్యాలయం 1348లో మొదలైంది, క్రకువ్‌లో 1364లో. 1455 నాటి పోలిష్ బైబిల్, సోఫియా రాణి కోసం చేసింది, చెక్ బైబిల్ ఆధారంగానే తయారైంది. ఇంకా వెనక్కి వెళ్తే, పోలండ్ పాలకుడు మ్యెష్కొ 965లో చెక్ రాకుమారి దొబ్రవను పెళ్లాడి, మరుసటి ఏడు క్రైస్తవం తీసుకున్నాడు. చర్చికి సంబంధించిన మాటలు పోలిష్‌లోకి చాలావరకు చెక్ మీదుగా వచ్చింది ఆ దారినే.

తర్వాత గాలి తిరిగింది. 1620లో ప్రాగ్ పక్కన బీలా హొర, అంటే తెల్లకొండ, దగ్గర చెక్ ప్రభువర్గం ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బుర్గ్ వంశం సేనల చేతిలో ఓడిపోయింది. ఆపైన పరిపాలన, చదువు క్రమంగా జర్మన్‌లోకి వెళ్లిపోయాయి. 18వ శతాబ్దం చివరికి చెక్ ఎక్కువగా పల్లెల్లో, సామాన్యుల ఇళ్లలో మిగిలింది. దాన్ని మళ్లీ నిలబెట్టాలనుకున్న యొసెఫ్ దొబ్రొవ్‌స్కీ 1809లో అచ్చయిన తన వ్యాకరణానికి 16వ శతాబ్దపు సాహిత్య భాషను ఆదర్శంగా తీసుకున్నారు. ఈలోగా జనం నోట భాష మారిపోయింది. పుస్తకంలో పాలు 'మ్లేకొ', ప్రాగ్ వీధిలో 'మ్లీకొ'. మన గ్రాంథిక, వ్యావహారికాల మధ్య ఉన్నంత దూరం కాకపోయినా, ఆ రకం అంతరం చెక్‌లో ఇప్పటికీ ఉంది. పోలిష్‌లో సాహిత్యం మధ్యలో అంతగా తెగిపోలేదు కాబట్టి అక్కడ ఈ సమస్య తక్కువ.

జర్మన్ నీడ నుంచి బయటపడాలనే పట్టుదల చెక్ పదకోశంలో బాగా కనిపిస్తుంది. పోలిష్ వాళ్లు 'ముజిక', 'తెయత్ర్', 'కొంపుతెర్' అని హాయిగా వాడుకుంటారు. చెక్ వాళ్లు సంగీతానికి 'హుద్బ', నాటకశాలకు 'దివద్లొ', కంప్యూటర్‌కు 'పొచీతచ్' అని సొంత మాటలే వాడతారు.

అయితే అన్ని మాటలూ కొత్తగా పుట్టించలేరు కదా. 1834 నుంచి 1839 మధ్య అయిదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువు తెచ్చిన యొసెఫ్ యుంగ్‌మన్, ఆయన తరం పండితులు తోటి స్లావిక్ భాషల నుంచి, ముఖ్యంగా పోలిష్, రష్యన్‌ల నుంచి మాటలు అరువు తెచ్చారు. గాలికి చెక్ మాట 'వ్జ్‌దుఖ్' రష్యన్ నుంచి వచ్చింది. 'వస్తువు, విషయం' అనే అర్థంలో పోలిష్‌లో 'ప్షెద్‌మ్యొత్' ఉంది. లాటిన్ మాటను ముక్కముక్కగా అనువదించి పోలిష్ వాళ్లు కట్టుకున్న పదం అది. దాన్ని చెక్‌లోకి తెచ్చినప్పుడు ఉన్నదున్నట్టు తేలేదు. పోలిష్ 'ప్షె' చెక్‌లో 'ప్ర్ఝె' అవుతుంది, అలా మార్చారు. 'మ్యొ' చెక్‌లో 'మ్యె' అవుతుంది, అదీ మార్చారు. 'ప్ర్ఝెద్‌మ్యెత్' తయారైంది. 'హన్బ'ను పట్టించింది అందులోని 'హ'. ఈ మాటలో అలాంటి జాడ ఏదీ లేదు. శతాబ్దాల పాటు జనం నోట దానంతటది జరిగిన మార్పును పండితులు కావాలని బల్ల దగ్గర కూర్చుని చేశారు. అందుకే ఇది పోలిష్ నుంచి వచ్చిందంటే ఇవాళ చాలామంది చెక్ వాళ్లే నమ్మరేమో.