లేబర్ కేసులో ఎవరు మాట్లాడాలి? తిరుపతి, చిత్తూరు కార్మిక న్యాయవాదుల నేపథ్యం

తిరుపతిలోనో చిత్తూరులోనో లేబర్ ఆఫీసులో రాజీ చర్చ జరుగుతుంటే, కార్మికుడి పక్కన వకీలు కూర్చోవడానికి వీల్లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 36(3) సెక్షన్ ఆ మాట సూటిగా చెప్పింది. వ్యవహారం లేబర్ కోర్టుకు వెళ్లాక కూడా, 36(4) ప్రకారం అవతలి పక్షం సమ్మతి, కోర్టు అనుమతి రెండూ ఉంటేనే వకీలు వాదించగలడు. యజమాని పేరున్న ప్లీడరును పెట్టుకోగలడు, కూలివాడు పెట్టుకోలేడు, కాబట్టి ఇద్దరికీ వద్దు అన్నది అప్పటి ఆలోచన. మన ప్రాంతంలో కార్మికుల కేసులు ఎవరు నడపాలో, ఆ తర్వాత ఎవరు నల్లకోటు వేసుకోగలిగారో చాలావరకు తేల్చింది ఈ నియమమే. న్యాయవాద వృత్తిలోకి అన్ని వర్గాలూ రావాలనేవాళ్లు సాధారణంగా లా కాలేజీ సీట్ల దగ్గర మొదలుపెడతారు. కార్మిక న్యాయం విషయంలో అక్కడ మొదలుపెడితే సగం కథ జారిపోతుంది.

వకీలును బయట నిలబెట్టిన ఆ చట్టమే 36(1)లో యూనియన్ మనిషికి కుర్చీ వేసింది. రిజిస్టరైన ట్రేడ్ యూనియన్ కార్యవర్గ సభ్యుడు కార్మికుడి ప్రతినిధిగా హాజరుకావచ్చు. దాంతో కార్మికుడి వాదన, కోరికలు చెప్పే క్లెయిం స్టేట్‌మెంట్ రాయడం, మేనేజ్‌మెంట్ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం యూనియన్ కార్యదర్శి మీద పడింది. ఆర్టీసీ కండక్టరు కేసునే తీసుకోండి. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదన్నది ఆరోపణ. ప్రయాణికులను పిలిచి విచారించకపోయినా డిపో ఎంక్వయిరీ చెల్లుతుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పేసింది. కాబట్టి ప్రయాణికుడు ఏడీ అని వాదిస్తే నిలవదు. చెకింగ్ సిబ్బంది అక్కడికక్కడ రాసిన మెమోలో సమయం, స్టేజీ, టికెట్ నంబర్లు సరిపోతున్నాయా, పాత సర్వీసు రికార్డు ఎలా ఉంది, తప్పుకు తగ్గ శిక్షేనా అన్నవి చూడాలి. డిపోలో పనిచేసినవాడికి ఈ వివరాలు చేతివేళ్ల మీద ఉంటాయి. 1971లో వచ్చిన 11-ఏ సెక్షన్ శిక్షను తగ్గించే అధికారం లేబర్ కోర్టుకు ఇచ్చాక ఆ పరిజ్ఞానానికి విలువ పెరిగింది.

పారదీప్ పోర్టు ట్రస్టు కేసులో 1976లో వచ్చిన తీర్పు మరో మలుపు. యజమానుల సంఘంలో అధికారిగా గానీ, యూనియన్‌లో ఆఫీస్ బేరర్‌గా గానీ ఉన్న మనిషి న్యాయవాది అయినా, ఆ హోదాలో వస్తే 36(4) అడ్డు రాదని సుప్రీంకోర్టు తేల్చింది. మేనేజ్‌మెంట్లకు ఇది బాగా కలిసొచ్చింది. కార్మికుల వైపు కూడా ఒక దారి తెరుచుకుంది. యూనియన్ పని చేస్తూ, డిగ్రీ ఉంటే మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదివి, ఎన్‌రోల్ అయి, యూనియన్ పదవితోనే లేబర్ కోర్టులో నిలబడవచ్చు. తాతల కాలం నుంచి ప్లీడరీ చేసిన ఇల్లు అక్కర్లేదు. సీనియర్ ఆఫీసులో సిఫారసు అక్కర్లేదు. కేసులు అప్పటికే చేతిలో ఉంటాయి.

అంతకుముందు పరిస్థితి వేరు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. బారిస్టర్లు, వకీళ్లు, ప్లీడర్లు, ముక్తార్లు అని వృత్తిలోనే అంతస్తులుండేవి. ఆడవాళ్లకైతే తలుపే లేదు. 1916లో రెజీనా గుహ దరఖాస్తును కలకత్తా హైకోర్టు, 1921లో సుధాంశుబాల హాజ్రా దరఖాస్తును పాట్నా హైకోర్టు స్త్రీ అన్న కారణంతోనే తోసిపుచ్చాయి. 1923లో చట్టం చేస్తే తప్ప ఆ అడ్డు తొలగలేదు. మద్రాసులో ఆనందబాయి 1929లో ఎన్‌రోల్ అయ్యారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం మీద తొలి మహిళగా జస్టిస్ కె. అమరేశ్వరి కూర్చున్నది 1978లో. ప్లీడరు, వకీలు తేడాలను చెరిపేసి అందరినీ అడ్వకేట్లు చేసింది 1961 నాటి అడ్వకేట్స్ చట్టం.

ఈ చరిత్రలో రాయలసీమ వాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు దామోదరం సంజీవయ్య. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత ఆయన కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న 1965లోనే పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 2-ఏ సెక్షన్ వచ్చింది. అప్పటిదాకా ఒక్క మనిషిని ఉద్యోగం నుంచి తీసేస్తే, యూనియన్ గానీ తోటి కార్మికులు గానీ ఆ గొడవను భుజాన వేసుకుంటేనే అది పారిశ్రామిక వివాదం. యూనియన్ పట్టించుకోని పాకీ పనివాళ్లు, రోజుకూలీ ఆడవాళ్లు, కాంట్రాక్టు కింద చేసేవాళ్లు ఆ లెక్కలోకి వచ్చేవాళ్లే కాదు. 2-ఏ వచ్చాక ఒంటరి మనిషి తొలగింపు కూడా వివాదమే. అయితే కేసును లేబర్ కోర్టుకు పంపాలా వద్దా అన్నది ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1987లో రాష్ట్ర సవరణ చేసి, తొలగించిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చంది. కేంద్రం అదే పని చేసింది 2010లో, 45 రోజుల రాజీ గడువు, మూడేళ్ల కాలపరిమితి పెట్టి. అంటే 23 ఏళ్లు మనం ముందున్నాం. యూనియన్ లేని మనిషి నేరుగా కోర్టుకు వెళ్లగలిగిన రోజున అతనికి సొంత న్యాయవాది అవసరమయ్యాడు. లేబర్ ప్రాక్టీసు అన్నది మన దగ్గర నిలదొక్కుకున్నది అలా.

నిలదొక్కుకున్నా దూరం మాత్రం తగ్గలేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కేసులు అనంతపురం లేబర్ కోర్టుకు వెళ్తూ వచ్చాయి. తిరుపతి నుంచి 250 కిలోమీటర్లు పైమాటే. వాయిదాకు హాజరు కావాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి, లేదా ముందురోజు రాత్రే బయల్దేరాలి. కార్మికుడికి ఒక్కో వాయిదాకు రెండు రోజుల కూలి పోతుంది. కేసు వినే ప్రిసైడింగ్ ఆఫీసరు సెలవులో ఉంటే ఆ రెండు రోజులూ వృథా. చంటిబిడ్డ ఉన్న జూనియర్ న్యాయవాది అయితే ఇలాంటి ప్రాక్టీసును మొదటి ఏడాదిలోనే వదిలేస్తుంది. పుట్టిన బిడ్డ కోసం 26 వారాల జీతంతో సెలవు ఇవ్వాలని కంపెనీకి నోటీసు రాసే ఆమెకు, సొంత ప్రాక్టీసులో అలాంటి సెలవు ఇచ్చేవాళ్లెవరూ లేరు. ఈ వృత్తిలో మహిళలు తక్కువెందుకని అడిగేవాళ్లు ముందు బస్సు టైముల పట్టిక చూడాలి.

పనిలో సూక్ష్మం ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. తీసేసిన మనిషి వచ్చిన రోజే అడగాల్సినవి: చేరిన తేదీ, చివరి రోజు, చివరి జీతం, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, బ్యాంకు ఖాతాలో జీతం పడిన ఎంట్రీలు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారా లేదా. ఈ ఆఖరిది చాలా కేసులను ముంచుతుంది. ఆ కాగితమే తర్వాత రాజీనామాగా కోర్టులోకి వస్తుంది. అందుకని పని ఆపిన వారంలోపే, రాజీనామా ఇవ్వలేదు, పనికి సిద్ధంగా ఉన్నాను అని రిజిస్టర్డ్ పోస్టులో రాసి అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోవాలి.

ఏడాదిలో 240 రోజులు పనిచేశానని రుజువు చేయాల్సింది కార్మికుడేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కార్మికుడు ప్రమాణం చేసి చెప్పి, మస్టరు, వేతన రిజిస్టరు తెప్పించమని పిటిషన్ వేస్తే రుజువు భారం కొంత యజమాని వైపు మారుతుందని 2005లో మరో తీర్పు వచ్చింది. ఆ పిటిషన్ వేయడం మర్చిపోయి ఓడిన కేసులకు కొదవలేదు. 240 రోజులు నిండిన మనిషిని తీసేయాలంటే పాత చట్టం 25-ఎఫ్ సెక్షన్ ప్రకారం నెల నోటీసు లేదా నెల జీతం, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం తొలగించేటప్పుడే చేతికివ్వాలి. నెలకు 12,000తో ఆరేళ్లు చేసినవాడికి 12,000, దాని పైన 36,000. గ్రాట్యుటీ లెక్క వేరు, అక్కడ నెలకు 26 రోజులుగా భాగిస్తారు కాబట్టి అదే మనిషికి 41,538 వస్తుంది. రెండూ కలిపేసి ఒకటే అడిగి నష్టపోతుంటారు. ఇంకొకటి, ఉద్యోగం పోయాక మరెక్కడా సంపాదన లేదని క్లెయిం స్టేట్‌మెంట్‌లో ఒక్క వాక్యం రాయాలి. 2013 నాటి దీపాలీ గుండు సుర్వాసే తీర్పు తర్వాత వెనక జీతం కోరేవాళ్లు ఆ మాట చెప్పితీరాలి. లేకపోతే ఉద్యోగం వచ్చినా జీతం పోవచ్చు.

ఈ ప్రశ్నలు వేయడానికి చట్టం తెలిస్తే చాలదు. చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజను రెండు మూడు నెలలే. అక్కడ కాయ కోసే ఆడవాళ్లకు 240 రోజులన్నది ఎప్పటికీ రాని లెక్క. వాళ్ల హక్కు కనీస వేతనం, ఓవర్‌టైం, ఈఎస్ఐల్లో వెతకాలి, తొలగింపులో కాదు. సత్యవేడు వైపు శ్రీసిటీలో హాస్టళ్లలో ఉండి లైను మీద పనిచేసే అమ్మాయి, సూపర్‌వైజరు గురించి చెప్పాల్సిన మాటను మగ వకీలుకు సగమే చెబుతుంది. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కారణం చూపితే మరో మూడు. అంతర్గత కమిటీ ముందుకూ వకీలు రాకూడదు. కాబట్టి ఆ అమ్మాయి చేత రాయించే మొదటి కాగితమే మొత్తం కేసు. ఇటుక బట్టీలో అడ్వాన్సు కింద చిక్కుకున్న యానాది కుటుంబం దగ్గర రసీదు ఉండదు. ఎంత తీసుకున్నారో, ఎన్ని పండగలు గడిచాయో అడిగి లెక్క కట్టాలి. ఆ కాలనీలో పెరిగిన న్యాయవాదికి ఆ లెక్క తెలుసు. అన్ని వర్గాల నుంచి వకీళ్లు రావాలనడం మర్యాద కోసం అనే మాట కాదు. సాక్ష్యం సరిగా రావాలంటే అదే మార్గం.

లోపలికి రావడానికి అయ్యే ఖర్చు సంగతి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది, లా కూడా నేర్పుతోంది. లా ప్రవేశ పరీక్ష లాసెట్ తెలుగులోనూ రాయవచ్చు, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. ఇక్కడిదాకా దారి ఫర్వాలేదు. అసలు గొంతు పట్టుకునేది పట్టా వచ్చాకే. అడ్వకేట్స్ చట్టం ఎన్‌రోల్‌మెంటుకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే అంటే, బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల పేరుతో వేలు వసూలు చేశాయి. కొన్ని రాష్ట్రాల్లో అది 40 వేలు దాటింది. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. అప్పటికే కట్టినవాళ్లకు తిరిగి రాలేదు. తర్వాత మూడు నాలుగేళ్లు సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోయాలి, చేతికి వచ్చేది పెట్రోలుకు చాలదు. 2019 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లా నేస్తం పేరుతో మొదటి మూడేళ్లు నెలకు 5,000 ఇచ్చే పథకం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫారసు మాత్రమే, ఇవ్వని సీనియర్‌ను అడిగేవాళ్లు లేరు. నాన్న కూలికి వెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఈ మూడేళ్లు దాటలేక కంపెనీ హెచ్ఆర్‌లోకి వెళ్లిపోతుంది. ఆమె చదువు అవతలి బల్ల మీదికి చేరుతుంది.

ఇప్పుడు కింద నేలే మారింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వకీలు మీద ఉన్న పాత షరతులు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగాయి. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సంస్థ రాతపూర్వక ఉద్యోగ నియమాలు, తప్పనిసరి అయ్యే కార్మికుల సంఖ్య కేంద్ర చట్టంలో ఉన్న 100 నుంచి 300 మందికి పెరిగింది. అంతకంటే చిన్న యూనిట్లలో ఎంక్వయిరీ ఎలా జరగాలో చెప్పే రాతపూర్వక నియమం ఉండకపోవచ్చు. అప్పుడు నియామక పత్రంలోని షరతులే ఆధారం, అందుకే ప్రతి కార్మికుడూ ఆ పత్రం అడిగి తీసుకోవాలి, వృత్తిపరమైన భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ దాన్ని తప్పనిసరి చేసింది. వివాదం పుట్టి రెండేళ్లు దాటితే రాజీ కుదిర్చే కన్సిలియేషన్ ఆఫీసరు చేపట్టకూడదు. మూడేళ్లుందని పాత అలవాటుతో ఆగినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పాత లేబర్ కోర్టుల స్థానంలో ఒక న్యాయ సభ్యుడు, ఒక పరిపాలనా సభ్యుడు ఉండే ట్రిబ్యునళ్లు రావాలి. ఆ ట్రిబ్యునల్ నెలలో కనీసం వారం రోజులు తిరుపతిలో కూర్చునేలా చేయాలని బార్ అసోసియేషన్లు, యూనియన్లు ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి. తిరుపతిలో ఉదయం పదిన్నరకు పిలుపు ఉంటే, రేణిగుంట నుంచి వచ్చే కార్మికురాలు ఒక పూట కూలితో సరిపెట్టుకుంటుంది, ఆమె తరఫున నిలబడే జూనియర్ సాయంత్రానికి బిడ్డ దగ్గరికి చేరుతుంది.