క్రయోనిక్స్ ఇంటిపోరు

చట్టప్రకారం చనిపోయిన మనిషిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచి, ఎప్పటికో రాబోయే వైద్యం మీద ఆశ పెట్టుకోవడమే క్రయోనిక్స్. ఇప్పటిదాకా ఒక్కరూ లేచి కూర్చోలేదు. ఇందులోని తగువులు తెగకపోవడానికి కారణం అదే. ఏ పద్ధతి నెగ్గిందో తేల్చే ఫలితం లేనప్పుడు ఎవరి వాదన వాళ్లదే. శాస్త్రవేత్తలతో గొడవ ఎటూ ఉంది. అతిశీతలంలో జీవకణాలను పరిశోధించేవాళ్ల సంఘమైన క్రయోబయాలజీ సొసైటీ 1982లో ఈ పని చేసేవాళ్లకు సభ్యత్వం నిరాకరించేలా నిబంధన పెట్టుకుంది. లోపలి గొడవ మాత్రం అంతకంటే ముదిరింది.

మొదటి పేచీ డబ్బు దగ్గర. రాబర్ట్ ఎటింజర్ 1976లో మిషిగన్‌లో పెట్టిన క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొత్తం శరీరాన్ని దాచడానికి తీసుకునే కనీస రుసుము 28 వేల డాలర్లు. ఆరిజోనాలోని ఆల్కోర్ అనే సంస్థ అదే పనికి 2 లక్షల డాలర్ల పైచిలుకు అడుగుతుంది. 'న్యూరో', అంటే తల ఒక్కటే అయితే 80 వేలు. ఆల్కోర్ వసూలు చేసేదాంట్లో పెద్ద వాటా దీర్ఘకాల నిధికి వెళ్తుంది. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1970ల్లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో నత్రజని కొనే డబ్బు లేక తొమ్మిది శరీరాలు కరిగి పాడైపోయాయి.

మిగతాదాంట్లో కొంత స్టాండ్‌బై, అంటే ముందే వచ్చి కాచుకుని ఉండే బృందం ఖర్చు. గుండె ఆగేవేళకు బృందం మంచం పక్కనే ఉంటుంది. డాక్టర్ మరణం ధ్రువీకరించగానే శరీరాన్ని ఐసు నీళ్ల తొట్టిలోకి మార్చి, యంత్రంతో ఛాతీ నొక్కుతూ, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ మందు ఎక్కిస్తారు. మిషిగన్ వాళ్ల కనీస రుసుములో ఇది ఉండదు. కావలసినవాళ్లు వేరే కంపెనీతో విడిగా ఒప్పందం చేసుకోవాలి. లేదంటే స్థానిక అంత్యక్రియల సంస్థ ఐసు పెట్టి పంపుతుంది, దారిలో ఎంతసేపు పడితే అంతసేపు.

ఆలస్యం ఏం చేస్తుందో పుర్రెకు వేసిన చిన్న రంధ్రంలోంచి కంటితోనే చూడవచ్చు. రక్తం కడిగేసి, దాని స్థానంలో మంచు కట్టకుండా ఆపే యాంటీఫ్రీజ్ ద్రావణం గాఢతను మెల్లగా పెంచుతూ పంపుతారు. ఆల్కోర్ వాడేది ఎమ్22. మెడ సిరల్లోంచి తిరిగొచ్చే ద్రవాన్ని రిఫ్రాక్టోమీటర్‌తో కొలుస్తూ, లక్ష్య గాఢత వచ్చేదాకా ఆగరు. పని సవ్యంగా సాగితే ఉప్పులో ఊరిన మామిడికాయ ముక్కలా మెదడు నీరొదిలి ముడుచుకుని పుర్రె గోడ నుంచి విడివడుతుంది. గంటలు గడిచిపోయాక మొదలుపెడితే సన్న రక్తనాళాలు మూసుకుపోయి, గోడలు కారి, మెదడు ఉబ్బి రంధ్రంలోంచి పైకి తన్నుకొస్తుంది. అప్పుడు పంపు ఆపేయడం తప్ప దారి లేదు. ఇక మిగిలింది 'స్ట్రెయిట్ ఫ్రీజ్', అంటే ద్రావణం లేకుండానే గడ్డకట్టించడం. కణజాలమంతా మంచు పలుకులే. ఏ ద్రావణం గొప్పదని ఏళ్లుగా వాదించుకుంటారు గానీ, మొదటి గంట చేజారాక ఎంత మేలైన ద్రావణమైనా చేసేది తక్కువే.

మంచు లేకుండా గాజులా గట్టిపడ్డా చిక్కు తీరదు. ఎమ్22 సుమారు మైనస్ 123 డిగ్రీల దగ్గర గాజవుతుంది. అక్కడి నుంచి మైనస్ 196కు దిగేలోపు పగుళ్లు వస్తాయి. ఆ చప్పుళ్లు పట్టడానికి ఆల్కోర్‌లో 'క్రాక్‌ఫోన్' అనే పరికరమే తయారు చేశారు. మైనస్ 140 చుట్టుపక్కల ఆపితే పగుళ్లు తగ్గుతాయని ఒక వర్గం అంటుంది. నత్రజనిలో ముంచితే కరెంటు పోయినా ఫర్వాలేదు, మధ్య ఉష్ణోగ్రతకు నియంత్రణ పరికరాలు కావాలి, అవి చెడిపోతాయని రెండో వర్గం. రెండూ నిజమే.

అసలు సిద్ధాంతపోరు గ్లూటరాల్డిహైడ్ మీద. రాబర్ట్ మెకింటైర్, గ్రెగ్ ఫాహీ అనే పరిశోధకులు 2015లో ప్రకటించిన పద్ధతిలో ముందు ఈ రసాయనంతో ప్రోటీన్లను ఎక్కడివక్కడ బిగించేస్తారు. ఆ తర్వాత యాంటీఫ్రీజ్‌ను తీరిగ్గా ఎక్కించవచ్చు, మెదడు ముడుచుకోదు. ఇలా దాచిన కుందేలు మెదడుకు 2016లో, పంది మెదడుకు 2018లో బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ బహుమతులు వచ్చాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నాడీకణాల సంధులు స్పష్టంగా కనిపించాయి. మామూలు పద్ధతిలో ముడుచుకున్న మెదడులో ఆ అల్లికను జాడ తీయడం కష్టమని ఫౌండేషన్ వాదన. ఎదుటిపక్షం జవాబు కూడా గట్టిదే. గ్లూటరాల్డిహైడ్‌తో బిగిసిన కణం జీవశాస్త్రపరంగా చచ్చినట్టే. దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో నడిపితే వచ్చేది నకలు, మనిషి కాదంటారు. ఇక్కడికొచ్చేసరికి రసాయనశాస్త్రం పక్కకు పోయి తత్త్వశాస్త్రం మొదలవుతుంది.

యాజమాన్యపు కొట్లాటలు వీటికి అదనం. 1993లో ఆల్కోర్ నుంచి చీలినవాళ్లు క్రయోకేర్ పెట్టారు, అది ఎక్కువకాలం నిలవలేదు. 2021లో రష్యా సంస్థ క్రియోరస్ వ్యవస్థాపకుల మధ్య తగాదా శరీరాలున్న నత్రజని తొట్లను (డ్యూవర్లను) లారీకెక్కించి తరలించేదాకా వెళ్లింది. పోలీసులు అడ్డుకున్నారు.

కొంతలో కొంత కొలత అందిస్తున్నది సీటీ స్కాన్. యాంటీఫ్రీజ్ చేరిన భాగమూ, మంచు కట్టిన భాగమూ వేర్వేరు సాంద్రతలతో కనిపిస్తాయి కాబట్టి ఎవరి పని ఎంత బాగుందో చెప్పుకోవడానికి ఒక బొమ్మయినా ఉంటుంది. నాడీ సంధులు దానికి ఆనవు. వాటిని చూడాలంటే మెదడులోంచి చిన్న ముక్క కోయాలి. భద్రంగా ఉంచమని డబ్బు కట్టిన మెదడులోంచి ముక్క తీయడానికి ఎంతమంది సంతకం పెడతారు?