మెదక్ గెలిపించిన ఇందిర, తెలుగుదేశాన్ని పుట్టించిన ఇందిర

1977 మార్చి లోక్‌సభ ఎన్నికల ఫలితాలు చూస్తే ఓటేసింది ఒక దేశమా, రెండు దేశాలా అన్న అనుమానం వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలు, బిహార్‌లో 54. వాటిలో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. రాయ్‌బరేలీలో సాక్షాత్తు ప్రధానమంత్రి ఇందిరాగాంధీ రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలకు 41 కాంగ్రెస్ చేతిలో పెట్టింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు.

ఎమర్జెన్సీ వేడి దక్షిణాదికి తగల్లేదు కాబట్టి ఇక్కడివారు ఓటేశారని చాలాకాలంగా ఒక వివరణ చలామణీలో ఉంది. అందులో సగమే నిజం. 1975 జూన్ నుంచి సాగిన ఆ 21 నెలల ఎమర్జెన్సీలో ఉత్తరాది పల్లెలను హడలెత్తించింది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోటా. 1976-77 ఒక్క ఏడాదిలో దేశవ్యాప్తంగా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. టీచర్ల జీతాలకూ, రేషన్ కార్డులకూ ఆపరేషన్లతో ముడిపెట్టిన ఉదంతాలు తర్వాత ఎమర్జెన్సీ అకృత్యాలను విచారించిన షా కమిషన్ ముందుకు వచ్చాయి. ఢిల్లీలో తుర్క్‌మాన్ గేట్ దగ్గర బుల్డోజర్లు నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆపరేషన్లు జరిగాయి కానీ, పోలీసులు ఊరిని చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయే స్థాయికి వెళ్లలేదు.

అంతమాత్రాన ఇక్కడ అంతా ప్రశాంతమేనా? 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎన్‌కౌంటర్ అని ప్రభుత్వం చెప్పింది, పట్టుకుని కాల్చారని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో నక్సలైట్ రైతు కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. విప్లవ రచయితలు విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైళ్లలో ఉన్నారు. ఇవి జనానికి బొత్తిగా తెలియకపోవడానికి కారణం పత్రికలపై సెన్సార్. తెలిసినవారికీ అది తమ గడప దాకా వచ్చిన సంగతిగా అనిపించలేదు. గడప దాకా వచ్చినవి వేరే ఉన్నాయి. 1975 జనవరి 1 నుంచి భూసంస్కరణల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ జూలైలో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో పేదలకు ఇళ్ల స్థలాలు, వెట్టిచాకిరీ రద్దు ఉన్నాయి. పంచిన భూమి తక్కువ, చేతులు మారిన కాగితాలు ఎక్కువ అన్న విమర్శ సరైనదే. అయినా అప్పటిదాకా పట్టా ముఖం చూడని కుటుంబానికి అది చిన్న విషయం కాదు.

ఇందిర మీద తెలుగువారి అభిప్రాయం మొదటినుంచీ ఇంత ఏకపక్షంగా లేదు. 1966 జనవరిలో ఆమె ప్రధాని అయినప్పుడు సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా ఆమెను నోరులేని బొమ్మ అని ఎద్దేవా చేశారు. ఆ బొమ్మే మూడేళ్లకు, 1969 జూలైలో, 14 బ్యాంకులను జాతీయం చేసింది. ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. ఇందిర మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు, వి.వి. గిరి గెలిచారు. ఇద్దరూ తెలుగువారే కావడంతో ఇక్కడి కాంగ్రెస్ నాయకులకు అది మింగలేని, కక్కలేని వ్యవహారమైంది. నవంబర్‌కల్లా పార్టీయే రెండుగా చీలింది.

1971లో ‘గరీబీ హటావో’ గాలికి దేశమంతా ఊగింది, ఆమె పార్టీకి 352 స్థానాలు వచ్చాయి. అంత గాలిలోనూ తెలంగాణలోని 14 స్థానాల్లో 10 చోట్ల తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో కాల్పులకు చనిపోయినవారిని జనం మరిచిపోలేదు. గెలిచినవారు కొద్ది నెలలకే కాంగ్రెస్‌లో కలిసిపోవడం వేరే కథ. మరుసటి ఏడాది వంతు కోస్తా, రాయలసీమలది. తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ప్రత్యేక ఆంధ్ర కోసం జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. రాష్ట్రాన్ని విడగొట్టేది లేదని ఇందిర పార్లమెంటులో గట్టిగా నిలబడ్డారు. అంటే 1977కు ముందు ఎనిమిదేళ్లలో రెండు ప్రాంతాలూ ఆమె మీద చెరోసారి మండిపడినవే.

తెలుగు ఓటరు ఆమెను పార్టీ నుంచి విడదీసి చూశాడనడానికి 1978 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికలను మించిన రుజువు లేదు. ఆ జనవరిలో కాంగ్రెస్ మళ్లీ చీలింది. ఆమెను బహిష్కరించిన పార్టీ అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి, ఎమర్జెన్సీ విధించిన నాటి కేంద్ర హోంమంత్రి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఆయన వైపే ఉన్నారు. అధికారం, యంత్రాంగం, ఊరూరా పాత నాయకులు అటు. ఇటు ఇందిర, ఆవు-దూడ గుర్తు పోయి కొత్తగా వచ్చిన హస్తం గుర్తు. ఎన్నికలకు వ్యవధి వారాల్లోనే ఉంది. గుర్తు మారితే ఓటు చెదురుతుందని ఎవరైనా లెక్క వేస్తారు. ఫలితం వచ్చేసరికి ఇందిర కాంగ్రెస్‌కు 294లో 175, అధికారంలో ఉన్న కాంగ్రెస్‌కు 30. కర్ణాటకా అదే దారి పట్టింది, ఆ నవంబర్‌లో చిక్కమగళూరు ఆమెను లోక్‌సభకు పంపింది. 1980 జనవరిలో ఆమె రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీ చేశారు. మెదక్‌లో ఎస్. జైపాల్‌రెడ్డిపై రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచి, రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. గిరాయిపల్లి ఉన్న జిల్లా అది.

అసలు పొరపాటు ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. ఇంత నమ్మకంగా ఓటేసే రాష్ట్రాన్ని ఎలా నడిపినా చెల్లుతుందని ఢిల్లీ అనుకుంది. 1978 నుంచి 1983 లోపు నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరిని ఎందుకు దించారో, ఎవరిని ఎందుకు ఎక్కించారో ఇక్కడి శాసనసభ్యులకే తెలియదు. ఢిల్లీ పంపిన సీల్డు కవరు తెరిచి పేరు చదవడమే శాసనసభా పక్ష సమావేశం. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో స్వాగత ఆర్భాటం ఎక్కువైందని రాజీవ్‌గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను అందరిముందూ కసురుకున్నారు. కార్మికుడిగా జీవితం మొదలుపెట్టిన పెద్దాయనకు జరిగిన ఆ పరాభవం ఇంటింటి మాట అయింది. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టారు. తొమ్మిది నెలల పార్టీ 1983 జనవరిలో 200కు పైగా స్థానాలు గెలిచింది.

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ రామారావును బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగి వచ్చిన రామారావు చక్రాల కుర్చీలో, శాసనసభ్యులను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. ఆ ఫొటో చేసిన పని వంద సభలు చేయలేవు. తనకు ముందుగా తెలియదని ఇందిర పార్లమెంటులో చెప్పారు, నమ్మినవారు తక్కువ. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఆయనకే పదవి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

అక్టోబర్ 31న ఆమె హత్యకు గురయ్యారు. తెలుగు నేల మీదా జనం ఏడ్చారు, అందులో నటన లేదు. రెండు నెలల తర్వాత దేశం కాంగ్రెస్‌కు 400కు పైగా స్థానాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం తెలుగుదేశానికి 30, కాంగ్రెస్‌కు 6 ఇచ్చింది. ఏడేళ్ల కిందటి పట్టిక తలకిందులైంది. దుఃఖం ఒక లెక్క, ఓటు ఒక లెక్క.

ఆ తర్వాత ఆమె పేరు మీద కోపం చల్లారింది, వాడకం మిగిలింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2006లో ఇందిరమ్మ పథకం తెచ్చారు. 2023లో ఇందిరమ్మ రాజ్యం తెస్తామని చెప్పి కాంగ్రెస్ తెలంగాణలో గెలిచింది, 2024 మార్చిలో భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభించింది. నాలుగు నెలలకు, జూలైలో, కేంద్ర ప్రభుత్వం ఎమర్జెన్సీ విధించిన జూన్ 25ను ఏటా రాజ్యాంగ హత్యా దినంగా పాటించాలని గెజెట్‌లో ప్రకటించింది.