డానియెల్ స్టాల్: ఆఖరి త్రో వెనకున్న చరిత్ర

2025 సెప్టెంబర్‌లో టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్ డిస్కస్ (పళ్లెంలాంటి బరువైన చక్రాన్ని విసిరే పోటీ) ఫైనల్ వానలో జరిగింది. గిర్రున తిరిగి విసిరే సర్కిల్ తడిసిపోయి హేమాహేమీలకే కాలు నిలవలేదు, ఫౌల్ మీద ఫౌల్. లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా 67.84 మీటర్లతో ముందున్నాడు. స్వీడన్ త్రోయర్ డానియెల్ స్టాల్ తన ఆఖరి త్రోలో 70.47 విసిరి స్వర్ణం పట్టుకుపోయాడు. 33 ఏళ్ల వయసులో అతనికిది మూడో ప్రపంచ టైటిల్.

స్వీడన్‌లో డిస్కస్ అంటే చాలాకాలం రికీ బ్రూక్ పేరే. 1972లో స్టాక్‌హోంలో 68.40తో ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఆ ఏడాదే మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 63.40కి కాంస్యం దక్కింది. రజతం 10 సెంటీమీటర్లలో జారిపోయింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అతనికి చోటు లేదు. ఆ నవంబర్‌లోనే మాల్మోలో 71.26 విసిరాడు. స్టెరాయిడ్లు వాడానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అయినా ఆ జాతీయ రికార్డు మాత్రం దాదాపు 33 ఏళ్లు కదల్లేదు.

దాన్ని దాటింది స్టాలే. 2017 జూన్‌లో 71.29 విసిరాడు. చిన్నప్పుడు ఐస్ హాకీ ఆడిన మనిషి, రెండు మీటర్ల ఎత్తు, 150 కిలోల పైచిలుకు బరువు. తల్లి కూడా ఫిన్లాండ్‌లో డిస్కస్ విసిరినావిడే. అతన్ని తీర్చిదిద్దిన కోచ్ ఐస్‌లాండ్‌కి చెందిన వెస్టెయిన్ హాఫ్‌స్టెయిన్సన్. 2008 బీజింగ్‌లో ఎస్టోనియా త్రోయర్ గెర్డ్ కాంటర్ స్వర్ణం గెలిచినప్పుడు కూడా కోచ్ ఆయనే.

అయితే దూరం విసరడం వేరు, ఫైనల్‌లో గెలవడం వేరు. 2016 రియోలో స్టాల్ క్వాలిఫైయింగ్ రౌండే దాటలేదు. 2017 లండన్ ప్రపంచ పోటీల్లో లిథువేనియాకే చెందిన ఆండ్రియస్ గుడ్జియస్ 69.21 విసిరితే ఇతను 69.19 దగ్గర ఆగాడు. తేడా రెండంటే రెండు సెంటీమీటర్లు! మరుసటి ఏడాది బెర్లిన్ యూరోపియన్ పోటీల్లోనూ అదే గుడ్జియస్ చేతిలో 23 సెంటీమీటర్లతో ఓటమి. స్టాల్‌ని పెద్ద పోటీల మనిషిగా మార్చింది ఈ రెండు రజతాలేనని నా నమ్మకం. 2019లో దోహాలో తొలి ప్రపంచ స్వర్ణం వచ్చింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 68.90తో గెలిచాడు. రజతం కూడా స్వీడన్‌కే, సైమన్ పెటర్సన్‌కి. ఆ రోజు స్టాల్ జెండా పట్టుకుని స్టేడియంలో పరుగులు తీశాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2023 బుడాపెస్ట్. ఆఖరి రౌండ్‌లో స్లొవేనియా త్రోయర్ క్రిస్టియాన్ చెహ్ 70.02 విసిరి ఆధిక్యం లాగేసుకున్నాడు. మిగిలింది స్టాల్ త్రో ఒక్కటే. ఎవరికైనా చేతులు వణికే టెన్షన్. డిస్కస్ వెళ్లి 71.46 దగ్గర పడింది, అది ప్రపంచ పోటీల రికార్డు కూడా.

2024 పారిస్‌లో పతకం రాలేదు. ఈలోగా అమెరికాలోని రమోనాలో, డిస్కస్‌ని పైకి లేపి దూరం మోసుకెళ్లే ఎదురుగాలి బాగా కలిసొచ్చే మైదానంలో, అలెక్నా ప్రపంచ రికార్డును 2025 ఏప్రిల్‌లో 75.56కి తీసుకెళ్లాడు. స్టాల్ అత్యుత్తమం 2019 నాటి 71.86 మాత్రమే. నాలుగు మీటర్లకు దగ్గరగా తేడా. కానీ చుట్టూ స్టాండ్లున్న స్టేడియంలో ఆ గాలి దొరకదు. టోక్యో ఫైనల్ ముగిసేనాటికి అలెక్నా ఖాతాలో ఒలింపిక్ స్వర్ణం గానీ ప్రపంచ టైటిల్ గానీ లేవు.