ఆడ ఫైటర్‌కి తోడు వెయ్యాలంటే ముందు ఊపిరి లెక్క చూడాలి

మా పై అంతస్తులో ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయి మొన్న ఆదివారం కిందికి వచ్చి, "అంకుల్, మా ఆడ ఫైటర్ చేప ఒక్కతే ఉంటోంది, తోడుగా ఏ చేప వెయ్యమంటారు?" అని అడిగింది. ట్యాంకు 20 లీటర్లది, గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఉంది, నాలుగు నెలలుగా నడుస్తోంది. ముందు అది ఆడదేనా అని చూశాను, ఎందుకంటే పొట్టి రెక్కల మగ చేపల్ని (ప్లాకట్ రకం) ఆడవని అమ్మేస్తుంటారు. పొట్ట కింద, ముందు రెక్కల వెనకాల ఉప్పు గింజంత తెల్లటి చుక్క కనిపించింది. గుడ్లు బయటికి వచ్చేది అక్కడి నుంచే. ఆడదే.

ఇక తోడు సంగతి. ఫైటర్‌కే ఇంకో పేరు బెట్టా. అది థాయిలాండ్ వరి మడుల్లో, చిత్తడి నేలల్లో ఎవరి హద్దులో వాళ్లుండే చేప, గుంపు చేప కాదు. తోడు లేదని బెంగపడేది మనమే. అయినా ఇంకో ప్రాణిని వెయ్యాలనిపిస్తే రంగు చూసో, పోట్లాడుతుందా లేదా అనో మొదలుపెట్టకండి. అది ఊపిరి ఎక్కడి నుంచి తీసుకుంటుందో చూడండి.

బెట్టాకి మొప్పల పైన, తలలో రెండు వైపులా ఒక్కో చిన్న గది ఉంటుంది. అందులో మొదటి మొప్ప వంపు నుంచి పెరిగిన పల్చటి ఎముక రేకులు, వాటి మీద రక్తనాళాలు నిండిన చర్మం, మడత మీద మడతగా ఉంటాయి. దారి తప్పేంత చిక్కుగా ఉంటుంది కాబట్టి లాబిరింత్ అంగం అన్నారు. చేప పైకి వచ్చి నోటితో గాలి గుటక వేస్తే అది ఈ గదిలోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఆక్సిజన్ నేరుగా రక్తంలోకి పోతుంది. మన కొర్రమీనుకీ ఇలాంటి గాలి గదే ఉంది, మడతలు ఇంత చిక్కుగా ఉండవంతే. చేపల మార్కెట్లో బేసిన్ అడుగున రెండు వేళ్ల నీళ్లలో కొర్రమీను గంటల తరబడి బతికుండడం ఎవరు చూడలేదు? అయినా బళ్లో మాత్రం "చేపలు మొప్పలతో శ్వాసిస్తాయి" అని ఒక్క ముక్క రాయించి వదిలేస్తాం, తెలంగాణ రాష్ట్ర చేపే ఆ వాక్యంలో ఇమడదని చెప్పం. మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో ఆస్తమా తగ్గాలని బతికున్న కొర్రమీను పిల్లను మింగిస్తారు. ఆ చేప గాలి పీల్చడం నిజమే, కానీ మన ఊపిరితిత్తుల జబ్బు దానివల్ల నయమవుతుందనడానికి ఆధారం లేదు. దాన్ని నమ్మి ఇన్‌హేలర్ పక్కన పెట్టేసేవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా భయమేస్తుంది.

లెక్కలోకి వద్దాం. 28 డిగ్రీల దగ్గర ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే వేడిలో లీటరు నీళ్లు ఎంత పట్టుకోగలవు? 8 మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. అంటే ఆ అమ్మాయి 20 లీటర్ల ట్యాంకులో ఉన్న ఆక్సిజన్ మొత్తం కలిపితే 156 మిల్లీగ్రాములు, అరలీటరు సీసా కంటే కొంచెం పెద్ద సీసాడు గాలిలో ఉన్నంత! ఆడ బెట్టా ఆ సీసా ఒక్కదాని మీదే ఆధారపడదు, దానికి పైన గది నిండా గాలుంది. పక్కన వేసిన నియాన్ టెట్రాకి (మొప్పలతోనే ఊపిరి తీసుకునే చిన్న చేప) మాత్రం ఆ సీసానే దిక్కు, అందులోంచి ఫిల్టర్ బ్యాక్టీరియా, రాత్రిపూట మొక్కలు కూడా వాటా తీసుకుంటాయి. గాలి పంపు ఆగినా పైనుంచి ఆక్సిజన్ నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది గానీ చాలా నెమ్మదిగా.

ఒక వేసవి రాత్రి మా ఇంట్లో కరెంటు పోయి పంపు ఆగింది. తెల్లారేసరికి ఆరు టెట్రాలూ పోయాయి, బెట్టా మాత్రం తిండి కోసం అద్దం దగ్గరికి వచ్చింది. ఆ రోజు నాకు అర్థమైంది, బెట్టా హాయిగా తిరుగుతోంది కాబట్టి నీళ్లు బాగున్నాయనుకోవడం ఎంత తప్పో. పైకి వచ్చి గాలి మింగడం బెట్టాకి మామూలే, అదే టెట్రా పైకి వచ్చి నోరు తెరుస్తోందంటే ప్రమాదం.

ఈ గాలి గది అమ్మోనియా (చేపల ఒంట్లోంచి నీళ్లలోకి వచ్చే విషం) నుంచి కాపాడదు. గాలి మింగినా ఒంట్లోని అమ్మోనియాని బయటికి పంపేది మొప్పలే. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: అంతగా హాని చెయ్యని అమ్మోనియం, మొప్పల్లోంచి లోపలికి దూరిపోయే అమ్మోనియా. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషపు రూపం వెయ్యిలో 7 వంతులు, పీహెచ్ 8 అయితే 65. బోరు నీళ్లు పీహెచ్ 8 దగ్గర ఉన్న ఇంట్లో అదే చేప, అదే తిండి, విషం తొమ్మిది రెట్లు. కొత్త ట్యాంకులో వరసగా చేపలు పోతే ఇంటి దిష్టి అవి తీసుకున్నాయంటారు. నీళ్లు పరీక్షించి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది అమ్మోనియానే. ఒక్కో కొత్త ప్రాణీ దానికి ఇంకొంచెం కలుపుతుంది.

అందుకే 20 లీటర్లలో నా ఓటు నత్తకే. రామ్స్‌హార్న్ నత్త అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మనలాగే దాని రక్తంలో హిమోగ్లోబిన్ ఉంది (చాలా నత్తల్లో ఉండేది రాగి ఉన్న హిమోసయనిన్), పైగా గాలి పీల్చే ఊపిరితిత్తి కూడా ఉంది, అంటే బెట్టాలాగే ఇదీ పైకి వెళ్లి ఊపిరి తీసుకోగలదు. తిండి ఎక్కువ వేస్తే విపరీతంగా పెరుగుతాయి, అంతే. నెరైట్ నత్త మొప్పలతో బతుకుతుంది గానీ పాచి బాగా తింటుంది, మంచినీళ్లలో పిల్లలు పెరగవు, బెట్టా పొడిస్తే గుల్ల తలుపు మూసుకుంటుంది. బోరు నీళ్లలోని కాల్షియం రెండిటి గుల్లకీ మంచిదే. చెర్రీ రొయ్యలు వెయ్యాలంటే జావా మాస్ (నీటి నాచు మొక్క) గుబురుగా ఉండాలి, అప్పుడు కూడా కొన్ని బెట్టా పొట్టలోకి పోతాయి.

పిగ్మీ కోరీలు (చిన్న క్యాట్‌ఫిష్‌లు) కూడా గాలి మింగుతాయి, వాటికి పేగే ఊపిరితిత్తి! కానీ కనీసం ఆరు ఉండాలి, 40 లీటర్లకి తక్కువైతే వద్దు. గప్పీ మగవాటి తోకలు చూస్తే బెట్టా మీద పడుతుంది, టైగర్ బార్బ్‌లు బెట్టా రెక్కలే కొరుకుతాయి, గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్లు, పెద్ద ట్యాంకు కావాలి. ఇంకో ఆడ బెట్టా అసలే వద్దు. ఆడవీ మొప్పలు విప్పి కొట్టుకుంటాయి, ఓడిన దానికి 20 లీటర్లలో పారిపోయే చోటుండదు.

ఆ అమ్మాయికి ఒక నెరైట్, రెండు రామ్స్‌హార్న్‌లు చెప్పాను. మూతకీ నీళ్లకీ మధ్య రెండంగుళాలు వదలమన్నాను. ఇంకో పని కూడా అప్పగించాను: రోజూ పొద్దున లైటు వెయ్యకముందు పది నిమిషాలు కూర్చుని, బెట్టా ఎన్నిసార్లు గాలికి పైకి వచ్చిందో పుస్తకంలో రాయాలి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఆ లెక్క పెరుగుతుంది, నీళ్లు వేడెక్కినా పెరుగుతుంది, కాబట్టి పక్కన ఉష్ణోగ్రత కూడా రాయాలి. నత్తలు తెచ్చేలోపు వారం లెక్క ఉండాలన్నాను. నిన్న పొద్దున తొమ్మిదిసార్లట, 27 డిగ్రీలట.