స్కూటర్ మారింది, లారీ మారలేదు

విద్యుత్ కార్లొస్తే పెట్రోలు, డీజిల్ పని అయిపోతుందా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ కార్ల చుట్టూనే తిరుగుతుంది. లెక్కలు తీస్తే మన దేశంలో కారుది చిన్న వాటాయే. కేంద్ర పెట్రోలియం శాఖ కింద లెక్కలు చూసే పీపీఏసీ 2012-13లో నీల్సన్ సంస్థతో చేయించిన సర్వే ప్రకారం దేశంలో అమ్మే పెట్రోలులో 61 శాతానికి పైగా తాగేది ద్విచక్ర వాహనాలు. కార్లది 34 శాతం. డీజిల్‌లో 70 శాతం రవాణాకు పోతుంటే, అందులో సగానికి పైగా లారీలు, బస్సులవే. ఇక పరిమాణం చూస్తే, 2023-24లో దేశం కాల్చిన డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు, పెట్రోలు 3.7 కోట్ల టన్నులు. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు రెండు: స్కూటర్ పెట్రోలు మానేస్తుందా, లారీ డీజిల్ మానేస్తుందా? ఈ రెంటికీ జవాబు ఒకటే అవ్వాలని లేదు.

కరెంటు బండి కొత్తదేమీ కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు కరెంటుదే. 1899 ఏప్రిల్‌లో కామీ జెనాట్జీ అనే బెల్జియం ఇంజినీరు పారిస్ దగ్గర దాన్ని నడిపాడు. 1900 అమెరికా జనగణన ప్రకారం ఆ ఏడు అక్కడ తయారైన కార్లు 4,192. వాటిలో ఆవిరివి 1,681, కరెంటువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. అప్పటికి పెట్రోలు అంటే దీపాల కిరోసిన్ తీయగా మిగిలే పనికిరాని సరుకు. 1901లో టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్ బావి ఎగజిమ్మాక చమురు చవకైంది. ఫోర్డ్ మోడల్ టీ ధర 1908లో 850 డాలర్లు ఉంటే 1925 నాటికి 300కు దిగువకు వచ్చింది. పెట్రోలు బండిలో జనాన్ని భయపెట్టింది ముందు నిలబడి హ్యాండిల్ తిప్పడం. ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. 1912లో క్యాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టి ఆ భయం తీర్చాడు. కరెంటు కారుకున్న పెద్ద సుఖాన్ని ఒక చిన్న బ్యాటరీ, ఒక చిన్న కరెంటు మోటారు పెట్రోలు కారుకు పట్టుకుపోయి ఇచ్చేశాయి!

కరెంటు కారుకు అసలు ఓటమి మాత్రం బరువు దగ్గర జరిగింది. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లలోనే కొలిస్తే, కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలో 0.03 నుంచి 0.04 యూనిట్లు. ఇంజిన్ ఆ శక్తిలో నాలుగోవంతే చక్రానికి అందించి మిగతాదంతా వేడిగా వదిలేసినా, మోటారు 85-90 శాతం అందించినా, ఆ తేడా పూడదు. 1973 చమురు సంక్షోభం తర్వాత గానీ దీనికి మందు వెతకడం గట్టిగా మొదలవలేదు. మొదట వెతికిన వారిలో చమురు కంపెనీయే ఉంది. ఎక్సాన్ ప్రయోగశాలలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం బ్యాటరీకి పునాది వేశాడు. చమురు ధర దిగగానే కంపెనీ దాన్ని పక్కన పెట్టింది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ వాడారు, 1985లో జపాన్‌లో అకిరా యోషినో దాన్ని సురక్షితమైన సెల్‌గా మలిచారు, 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. ముగ్గురికీ 2019లో నోబెల్ దక్కింది. ఈ రోజు చవక బండ్లలో ఎక్కువగా కనిపించే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ మూలం 1997 నాటి ఒక పరిశోధనా పత్రం. దాని రచయితల్లో గుడినఫ్‌తో పాటు పాఢి, నంజుండస్వామి పేర్లున్నాయి. ఈ సెల్లుకు కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు, తేలిగ్గా మంటంటుకోదు. కాకపోతే అదే శక్తికి కాస్త బరువెక్కువ.

మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి రేవా వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక ఛార్జింగ్‌కు 80 కిలోమీటర్లు, కొన్నేళ్లకే బ్యాటరీల సెట్టంతా మార్చుకోవాలి. అమ్మింది కొన్ని వేలే. ప్రభుత్వం 2013లో ప్రకటించిన జాతీయ పథకం 2020 నాటికి 60-70 లక్షల బండ్లు అంది. దాని దరిదాపులకూ పోలేదు. ఈలోగా ఏ సబ్సిడీ కోసమూ ఎదురుచూడకుండా ఉత్తరాది పట్టణాల్లో ఈ-రిక్షాలు అవే లెడ్ యాసిడ్ బ్యాటరీలతో రోడ్డెక్కాయి. 2014లో ఢిల్లీ హైకోర్టు ఆపితే, 2015లో మోటారు వాహనాల చట్టాన్నే సవరించారు. రోజుకు 80-100 కిలోమీటర్లు, ఊరు దాటని తిరుగుడు, రాత్రికి ఇంటి దగ్గర ఛార్జింగ్. ఇంతకంటే కరెంటుకు అనువైన బండి ఉండదు. ఇప్పుడు దేశంలో కొత్తగా రిజిస్టరయ్యే మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా కరెంటువే.

స్కూటర్‌ను కదిపింది సబ్సిడీ. విద్యుత్ వాహనాలకు కేంద్రం సాయమిచ్చే ఫేమ్ పథకం రెండో దశ 2019లో 10,000 కోట్లతో మొదలైంది. 2021 జూన్‌లో బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కు 15,000 రూపాయలు, బండి ధరలో 40 శాతం దాకా ఇచ్చారు. 2023 జూన్‌లో దాన్ని 10,000కు, 15 శాతానికి కోశారు. 2024 అక్టోబరులో మొదలైన తర్వాతి పథకం పీఎం ఈ-డ్రైవ్ 5,000తో సరిపెట్టింది. సబ్సిడీ తగ్గినా అమ్మకాలు నిలబడ్డాయంటే కారణం ఖర్చు లెక్క. 110 సీసీ స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లిస్తే, లీటరు 107 రూపాయల చొప్పున 100 కిలోమీటర్లకు 238 రూపాయలు. కరెంటు బండికి గోడ సాకెట్ దగ్గర కొలిస్తే 3.5 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలనుకున్నా 28. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగేవారికి 18-19 వేలు మిగులుతాయి. కూరగాయల బజారుకు 5 కిలోమీటర్లు వెళ్లొచ్చేవారికి మిగిలేది 3 వేలు. బ్యాటరీ పోతే అయ్యే ఖర్చు ముందు అది ఏ మూలకూ రాదు. ఈ రెండో రకం కొనుగోలుదారుకు కరెంటు బండి అంటగట్టడం న్యాయం కాదు.

తొందరకు మూల్యం కూడా చెల్లించాం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాలపై జరిగిన విచారణల్లో నాసిరకం సెల్లులు, సెల్లుల మధ్య వేడి పోయే దారి లేని ప్యాక్ డిజైన్, సెల్లు హద్దు మీరినా ఆపలేని బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) బయటపడ్డాయి. దాంతో 2022 డిసెంబరులో, 2023 మార్చి ఆఖరులో రెండు విడతలుగా ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలు బిగించారు: సెల్లు మీద తయారీ తేదీ, ప్యాక్‌లోకి నీరు చొరబడకుండా రక్షణ, లోపల వాయువు పేరుకుంటే బయటికి పోయే వెంట్, వేడెక్కితే ముందే మోగే హెచ్చరిక. వాడేవారి చేతిలో ఉన్నదీ కొంత ఉంది. మే ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకుండా గంట చల్లారనివ్వాలి. ఊడదీసిన బ్యాటరీని పడకగదిలో పెట్టకూడదు. 15 ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. కారైతే ఇంటి మీటరు లోడు కూడా చూసుకోవాలి. 2 కిలోవాట్ల లోడున్న ఇంట్లో 3.3 కిలోవాట్ల ఛార్జర్ నడవదు, లోడు పెంచమని డిస్కంకు దరఖాస్తు పెట్టాలి.

బస్సుల్లో చూడదగ్గది తిరుమల ఘాట్ రోడ్డు. ఏపీఎస్ఆర్టీసీ 2022 సెప్టెంబరులో తిరుపతికి 100 కరెంటు బస్సుల పథకం మొదలుపెట్టింది. 14 టన్నుల బస్సు 700 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 27 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. డీజిల్ బస్సు దాన్నంతా ఇంజిన్, బ్రేకుల వేడిగా పారబోస్తుంది. కరెంటు బస్సులో దిగేటప్పుడు మోటారే జనరేటరై, రాపిడికి పోను మిగిలినది బ్యాటరీకి తిరిగిస్తుంది. ఒక్క జాగ్రత్త: కొండ మీద బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి దించకూడదు. నిండిన కుండలో నీళ్లు పట్టనట్టే తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది.

లారీ దగ్గరే లెక్క తిరగబడుతుంది. 400 లీటర్ల ట్యాంకున్న పెద్ద లారీ లీటరుకు 3.5 చొప్పున 1,400 కిలోమీటర్లు పోతుంది. ఆ డీజిల్ బరువు 330 కిలోలు, నింపడానికి పావుగంట. అదే దూరం కరెంటుతో, కిలోమీటరుకు 1.3 యూనిట్లనుకుంటే 1,820 యూనిట్లు కావాలి. ఈ నాటి ప్యాక్‌లు కిలోకు 0.15 యూనిట్లు మోస్తాయి కాబట్టి 12 టన్నుల బ్యాటరీ అన్నమాట, అంటే 12 టన్నుల కిరాయి పోయినట్టు. 400 కిలోమీటర్లకే సరిపెట్టుకుంటే మూడున్నర టన్నులు చాలు. అప్పుడు 240 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర దాదాపు 3 గంటలు ఆగాలి, ఎందుకంటే 80 శాతం దాటాక వేగం పడిపోతుంది. కిలోమీటరు ఖర్చు మాత్రం డీజిల్‌కు 27 రూపాయలైతే కరెంటుకు 12. అందుకే సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రైల్వే గూడ్స్ షెడ్డుకు, గని నుంచి రేవుకు రోజూ ఒకే దారిలో తిరిగే లారీలకు ఇది కలిసొస్తుంది. ఎక్కడ లోడు దొరికితే అక్కడికి పోయే ఒకటి రెండు లారీల యజమానికి కలిసిరాదు. బండి ధర డీజిల్ లారీకి రెట్టింపు దాటుతుంది. 2025లో కేంద్రం ప్రకటించిన సాయం లారీకి గరిష్ఠంగా 9.6 లక్షలు, ఆ తేడాలో అది కొంతే.

ప్రపంచం లెక్క కూడా ఇలాగే రెండు ముఖాలతో ఉంది. నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో 89 శాతం కరెంటువే, అయినా పాత బండ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనాలో 2024లో విద్యుత్ వాహనాలు ఆపిన చమురు రోజుకు 13 లక్షల పీపాలు. మొత్తం వాడకం 10 కోట్ల పీపాల పైమాటే.

పీపాకు ఇంకో చిక్కుంది. ముడిచమురును 350 డిగ్రీలకు పైగా వేడిచేసి గోపురంలోకి పంపితే పైనుంచి గ్యాస్, పెట్రోలుకు ముడిసరుకైన నాఫ్తా, మధ్యలో కిరోసిన్, డీజిల్, అడుగున మడ్డి వేరవుతాయి. స్కూటర్లు పెట్రోలు మానేసినంత మాత్రాన రిఫైనరీ డీజిల్ ఒక్కటే తీయలేదు. డీజిల్ కోసం అంతే ముడిచమురు ఉడకబెట్టాలి, మిగిలిన నాఫ్తాను ప్లాస్టిక్ వైపు మళ్లించాలి. 1957లో కాల్టెక్స్ కట్టిన విశాఖ రిఫైనరీని ఇప్పుడు హెచ్‌పీసీఎల్ ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి 150 లక్షల టన్నులకు పెంచింది. అడుగు మడ్డిని విరగ్గొట్టి ఎక్కువగా డీజిల్ తీసే యూనిట్‌నూ దానికి జత చేసింది.